రెండు పేజీల చరిత్ర

పాస్టరుగారు రెండు పేజీలు చాలన్నారు.
నూట ఎనభై ఏళ్ళు, రెండు పేజీలు.
సంఘం పుస్తకాన్ని చెదలు కొంత కుదించింది,
మిగిలింది నేను కుదించాలి.

మొదటి వాక్యం ఇక్కడ పసిపిల్లలకీ నోటికొచ్చు:
జమైకాలో సంకెళ్ళు తెగిన మరుసటేడు
నల్లవాళ్ళకు అమ్మనన్న కొండవాలుని
దొరసాని చేత మిషనరీ తన పేరున కొని
ముక్కలు కోసి మనవాళ్ళకిచ్చాడు.
రాతినేల. నాలుగు పిమెంటో చెట్లు.
థాంక్‌ఫుల్ హిల్ అని పేరు పెట్టుకున్నాం.
ఆదివారం బడిలో ఇంతవరకే చెబుతాం.
ఒక్కో ముక్కకు ఎంత పుచ్చుకున్నాడో
పుస్తకంలో ఉంది,
ఇంటింటి బాకీ, పెన్నీలతో సహా.

గోడలకు సున్నం కావాల్సొచ్చింది.
సముద్రం పదకొండు మైళ్ళ కింద.
ఆడవాళ్ళు గుల్లలూ పగడపురాళ్ళూ
తలమీద మోసుకొచ్చి
రాత్రంతా బట్టీ కాల్చి
తెల్లారేసరికి చెరకుకోతకు పోయేవాళ్ళు.
వాళ్ళ పేర్లు రాయలేదు.
"సోదరీమణులు, ముప్పై ఒకరు" అని ఉంది.
అందులో ఒక్క పేరు మాత్రం దక్కింది,
కెజయా టల్లక్.
వెలివేశారు కాబట్టి దక్కింది.

"తొమ్మిదో రాత్రి జాగారంలో
డప్పుకు కాలు కదిపినది."
పేరుమీద కొట్టివేత గీత
ఎంత గట్టిగా పడిందంటే
వెనకపేజీలో వేలికి తగులుతుంది.
తగిలింది నాకు.
పోయింది ఎవరో రాయలేదు.
బిడ్డేమో. మొగుడేమో.

పదహారేళ్ళ తరవాత లెక్కల్లో మళ్ళీ కనిపించింది:
"కె. టల్లక్, సున్నానికి, ఆరు పెన్నీలు."
తిరిగి చేర్చుకున్నట్టు ఎక్కడా లేదు.
బల్ల దగ్గరికి రానివ్వకపోయినా
గోడ నెర్రె విచ్చితే
కబురు ఆమెకే వెళ్ళిందన్నమాట.

యాభై ఒకటిలో తుఫాను
మా పైకప్పుని తిరగేసి పట్టుకుపోయింది.
అరవై రేకుల్లో నలభై రెండు దొరికాయి.
మిగతావి వెతకను వెళ్ళిన డీకను లెపోల్డ్ మినోట్
ఒక విధవరాలి వంటపాక మీద
కొత్తగా తళతళలాడే కప్పు చూసి
మంచినీళ్ళడిగి తాగి వచ్చేశాడు.
ఆ రాత్రి పుస్తకంలో రాశాడు:
"పద్దెనిమిది రేకులు సముద్రంలో పడిపోయినవి."
పదకొండు మైళ్ళని చెప్పానుగా.
ఆయన మా తాత. అబద్ధమాడి ఎరగడని
సమాధిరాయి మీద చెక్కించాం.

నదిలో మునిగి లేచిన సంఘం మాది.
ఎగువన బాక్సైటు తవ్వకం మొదలయ్యాక
తెల్లబట్టలతో దిగినవాళ్ళు
ఇటుకరంగులో గట్టెక్కారు.
రెండేళ్ళు ఓర్చుకుని
ప్రసంగవేదిక కింద సిమెంటు తొట్టి కట్టారు.
పద్నాలుగో ఏట నా వంతు వచ్చింది.
తొట్టిలో ముందురోజు వాననీళ్ళు,
ఒక కప్పపిల్ల.
ఇసిల్డా అత్త దాన్ని గ్లాసుతో తీసేదాకా
పాస్టరు నా మెడ పట్టుకుని
కళ్ళు మూసుకుని నిలబడ్డాడు,
ప్రార్థన అనుకున్నారందరూ.
నాకు నవ్వు ఆగలేదు.
పుస్తకంలో మాత్రం
"ఆనందముతో బాప్తిస్మము పొందినది" అని ఉంది.

ఇప్పుడు ఇరవై ఆరుమందిమి.
గట్టి వాన కొడితే పద్నాలుగు.

రాసింది ఏడు పేజీలైంది.
రేకుల మాట కొట్టేశాను.
ఆ ఇంటివాళ్ళు మూడో వరుసలో కూర్చుంటారు,
కానుకల పళ్ళెం పట్టేది ఆవిడ మునిమనవడే.
కప్పపిల్లనూ తీసేశాను, బాధగానే.
మిగిలింది చదివి పాస్టరుగారు
కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు,
"అయాంథే, ఆ డప్పు గొడవ ఇప్పుడెందుకమ్మా?"
"సున్నం ఉంచితే
డప్పూ ఉంచాలి కదండీ" అన్నాను.

ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు.
గురువారం లోపు ప్రింటుకివ్వాలి.